రైలు మార్గ నిర్వహణ: క్యాలెండరు నుంచి అవసరానికి

భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణే వరకు 34 కిలోమీటర్లు నడిచింది. మార్గం వేయడం ఒకనాటికి ముగిసినా, దానిని నిలబెట్టుకోవడం నిత్యం సాగవలసిన పని. రైళ్ల బరువుకు కంకర నలుగుతుంది, స్లీపర్లు కుంగుతాయి, పట్టాల మట్టం తప్పుతుంది.

సంప్రదాయ విధానంలో ఈ పనికి క్యాలెండరే ఆధారం. వర్షాల తరువాత 6 నెలలు, వర్షాలకు ముందు 2 నెలలు, వర్షాకాలం 4 నెలలు అని ఏడాదిని విభజించేవారు. గ్యాంగు తన పరిధిలో ఒక కొస నుంచి మరో కొసకు ప్రతి స్లీపరు కిందా బీటర్లతో కంకర దట్టించేది. ఏ భాగమూ మరుగున పడకపోవడం ఇందులోని మేలు. అయితే బాగున్న చోట కూడా శ్రమ ఖర్చయ్యేది. కుదురుకున్న కంకరను కదిలించడం వల్ల మార్గం మళ్లీ కుంగేది.

అవసరాన్ని బట్టి చేసే నిర్వహణ ఈ క్రమాన్ని మార్చింది. గేజి, మట్టం, వంపులను ముందుగా కొలిచి, బయటపడిన లోపాలను బట్టి గ్యాంగుకు ఆనాటి పని నిర్దేశిస్తారు. దీనితో లోపాన్ని గుర్తించే అధికారం మేస్త్రీ అనుభవం నుంచి తనిఖీ నమోదులకు, రికార్డింగ్ కార్ల గ్రాఫులకు చాలావరకు మళ్లింది.

కానీ రెండు కొలతల నడుమ వదులైన కీ, పగిలిన పట్టా నడిచి చూసేవారికే కనిపిస్తాయి. కీమ్యాన్ రోజుకొకసారి తన పరిధి అంతా కాలినడకన తనిఖీ చేయాలన్న నియమం 1986 నాటి పర్మనెంట్ వే మాన్యువల్‌లోనూ నిలవడానికి కారణమిదే. తనిఖీ సడలితే లోపం నమోదు కాదు. నమోదు కాని లోపం అవసరంగా లెక్కకు రాదు. ఈ విధానపు బలం, ప్రమాదం రెండూ అక్కడే ఉన్నాయి.