బస్తరు ఘోటుల్: తోడివారి పాఠశాల

1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు రాజ్యమును స్థాపించెనని అనుశ్రుతి. అందుచే ఆంధ్రులకు బస్తరు అనగానే కాకతీయ వంశము స్ఫురించును. కాని ఆ సీమ నుండి గ్రహింపదగిన మరియొక చరిత్ర అచటి అడవిపల్లెలలో కలదు. అది విద్యాభ్యాస చరిత్ర.

నారాయణపురము, కొండగావ్ ప్రాంతముల మురియా గోండుల గ్రామములలో ఘోటుల్ అను యువజనగృహము వెలసెను. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన బృహద్గ్రంథము వలన ఇది లోకవిదితమయ్యెను. అందలి అవివాహిత బాలురను చెలిక్కులనియు, బాలికలను మోటియారులనియు వ్యవహరించెడివారు. సాయంకాలము అందరును అచట కూడెడివారు. లోపల పెద్దల పెత్తనము లేదు. బాలబాలికలకు వేర్వేరు బిరుదులును, వానితో బాధ్యతలును ఉండెడివి. ఇల్లు ఊడ్చుట, కట్టెలు తెచ్చుట, ఆటపాటలు, పెండ్లిపనులు మున్నగువానిని చిన్నవారు తమకన్న కొంచెము పెద్దవారితో కలసి చేయుచు నేర్చుకొనెడివారు. తప్పు చేసినవానికి తోడివారే శిక్ష విధించెడివారు. ఘోటులునకు మూలపురుషుడు, గానవాద్యములకు ఆదిగురువు లింగో అని మురియాల విశ్వాసము.

బయటివారు పలువురు యువతీయువకుల సాహచర్యమును మాత్రమే చూచి, కొందరు వింతపడిరి, కొందరు నిందించిరి. అందలి శిక్షణ వారి దృష్టికి రాలేదు.

పెద్దల వృత్తులలోను ఈ పద్ధతియే కానవచ్చును. బస్తరు ఘడవాలు మట్టిబొమ్మపై మైనపుతీగెలు చుట్టి, మరల మట్టి మెత్తి కాల్చుదురు. మైనము కరగిపోయిన చోట ఇత్తడి పోయుదురు. అచ్చు పగులగొట్టినగాని బొమ్మ బయటపడదు. మైనపు మెత్తదనము, మంట వేడి మాటలతో తెలియవు. పనివాని ప్రక్కన కూర్చుండి పట్టువడవలెను.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అను పండితులు 1991లో ఈ సత్యమునే సిద్ధాంతీకరించిరి. లైబీరియా దర్జీలు, యూకటాన్ మంత్రసానులు మొదలగువారి వృత్తులను పరిశీలించి, నూతనుడు పనివారి సమాజములో క్రమముగా భాగస్వామి యగుటయే అభ్యాసమని వారు నిరూపింపజూచిరి.

2020లో కేంద్రప్రభుత్వము మిషన్ కర్మయోగిని ఆమోదించెను. ఐగాట్ వేదికపై ఉద్యోగులకు పాఠములు లభించుచున్నవి. పనిచోటనే నేర్చుట కూడ ఆ ప్రణాళిక ఆశయములలో నొకటి. కాని పాఠము ముగించి ధ్రువపత్రము పొందుట లెక్కకు వచ్చినంత సులభముగా, ప్రక్కబల్ల సహోద్యోగి వద్ద నోటు వ్రాయ నేర్చుట లెక్కకు రాదు. లెక్కకు రానిది క్రమముగా ఆదరణ కోల్పోవును. కావున పాఠమును రచించువారు తెరపై చదువవలసిన పుటలతో తృప్తిపడక, నేర్చినవారు నేర్వనివారికి చెప్పు బాధ్యతను, కలసి చేయవలసిన పనిని అందు చేర్పవలెను.

నేడు అనేక గ్రామములలో ఘోటుల్ క్షీణించినది. దానిని యథాతథముగా పునరుద్ధరించుట ఎవరి తరమును కాకపోవచ్చును. అయినను చిన్నవానికి బాధ్యత నప్పగించి, ఒక మెట్టు పైనున్న తోడివానిని గురువుగా నిలిపిన ఆ ఏర్పాటు, కోట్ల వ్యయముతో శిక్షణ నిచ్చు నేటి సంస్థలకును ఆదర్శప్రాయమే.