తాత్కాలికం అనే మాట

బ్యాంకు లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. తేలగానే తీసి దాని చోటికి చేర్చాలి. తేలకపోతే ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉండి, ఆడిట్ వచ్చినప్పుడల్లా మమ్మల్ని నిలదీస్తుంది. హెచ్-1బి వీసా చరిత్ర చదువుతుంటే నాకా ఖాతాయే గుర్తుకొచ్చింది.

1952 నాటి అమెరికా వలస చట్టంలో హెచ్-1 తరగతి పుట్టింది. విశిష్ట ప్రతిభ ఉన్నవారికే అది. మనిషి కొద్దికాలానికే రావాలి, చేసే పనీ కొద్దికాలపుదే కావాలి, స్వదేశంలో ఇల్లు వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. 1970లో పని సంగతి సడలించారు. ఉద్యోగం శాశ్వతమైనా ఫరవాలేదు, మనిషి మాత్రం తాత్కాలికం! 1990 చట్టం హెచ్-1బికి ఏడాదికి 65,000 అని హద్దు గీసి, ఆరేళ్ళ గడువిచ్చి, స్వదేశంలో ఇల్లుండాలన్న షరతు కూడా ఎత్తేసింది. 2000లో, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారు ఆరేళ్ళు దాటినా ఉండవచ్చన్నారు. షరతులు ఒక్కొక్కటే జారిపోయాయి. మాట మాత్రం మిగిలింది.

ఆ రోజులు బెంగుళూరులో ఉన్నవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పుణ్యమా అని, కోబాల్ వచ్చిన కుర్రవాళ్ళకు పిలుపుల మీద పిలుపులు. హద్దు 1999కి 1,15,000, 2001కి 1,95,000 అయింది. 2004లో మళ్ళీ 65,000కు దిగింది. వీసాకు మనవాళ్ళు రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళేవారు. హైదరాబాదుకు కాన్సులేటు 2008లో వచ్చింది. మనకు 2025 జనవరిలో గాని రాలేదు, అదీ వీసాల కిటికీ లేకుండానే తెరిచారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు మొక్కి, పనయ్యాక నూటెనిమిది చేసివచ్చిన తండ్రులు, కొడుకు పేర ఎన్నారై ఖాతా ఫారాలతో నా బల్ల ముందు కూర్చునేవారు.

చిక్కంతా వరుసలో ఉంది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు. చిన్న ద్వీపానికీ మనకూ అదే లెక్క. ఎదురుచూపుల్లో పిల్లలకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ వీసా చెల్లదు. చిన్ననాడే వెళ్ళి అక్కడే చదువుకున్నా అంతే.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక దుండగుడు కాల్చి చంపాడు. ఆయనది హెచ్-1బి. భార్య సునయన అక్కడ ఉండే హక్కు ఆయన వీసాకు ముడిపడి ఉంది. భర్తతో పాటే అదీ పోయింది. అంత్యక్రియలకు స్వదేశం వచ్చిన ఆమె తిరిగి వెళ్ళడమే ప్రశ్న అయింది. ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు పూనుకున్నాక తాత్కాలిక అనుమతి దొరికింది. మళ్ళీ ఆ మాటే.

2025 సెప్టెంబరులో, బయటి నుంచి కొత్తగా రప్పించుకునే ఒక్కొక్కరికి లక్ష డాలర్ల రుసుమని ప్రకటించారు. ఆ వారం మా శాఖలో అదే చర్చ.

మా ఖాతాదారు ఒకాయన ఉన్నారు. ఆయన కొడుకు 2012లో వెళ్ళాడు, ఇంకా వరుసలోనే ఉన్నాడు. డిపాజిట్ గడువు తీరినప్పుడల్లా వస్తారు. "ఐదేళ్ళకు వేస్తే ఏటా తిరిగే శ్రమ తప్పుతుంది కదండీ" అంటాను.

"వద్దు సార్, ఏడాదికే వేయండి. ఈలోగా వాడొచ్చేస్తాడేమో" అంటారు.