ఇంటికో మనిషి



హోసూరు నుంచి కోలారు వైపు బస్సులో వెళ్లేవారికి ఒక చెరువు దాటగానే మరో చెరువు కనబడుతుంది. 2007లో చిక్కబళ్లాపురం విడిపోకముందు ఒక్క కోలారు జిల్లాలోనే 4,000కు పైగా చెరువులుండేవి. వాటిని తవ్వించిన ప్రభువుల సంగతి శాసనాలు చెబుతాయి. ఏటేటా ఆ కట్టలను నిలబెట్టిన కుటుంబాల సంగతి రాళ్లమీద అంతగా కనబడదు. ఈరోజు వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి అక్కడి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను వివరించింది. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాసింది. కానీ ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరయినా చెప్పలేదు.

చెరువు ఒకసారి కడితే అయిపోయేది కాదు కదా! వానకు కట్ట కోసుకుపోతుంది, కాలువ పూడుతుంది, తూము దగ్గర నీరు ఊరుతుంది. అందుకే వానలకు ముందు ఊరంతా కలిసి పనిచేసే ఆచారం ఉండేది. తమిళ సీమలో దానికి కుడిమరామత్తు అని పేరు. కుడి అంటే ఊళ్లో కాపురమున్న రైతులు, మరామత్తు అంటే మనం మరమ్మతు అనేదే. ఆయకట్టులో భూమి ఉన్న ప్రతి ఇల్లూ మనిషిని పంపాలి. మాటకు ఇంటికో మనిషే గాని, పనిలోకి ఇల్లంతా దిగేది. మగవాళ్లు గడ్డపారతో తవ్వితే ఆడవాళ్లు తట్టలతో మట్టి మోసేవారు. తీసిన ఒండ్రు బండ్లమీద పొలానికి చేరేది. అంతకు మించిన ఎరువు లేదని రైతుకు తెలుసు.

ఇదంతా ఇష్టపూర్వకమైన సేవేనా అంటే, పూర్తిగా కాదు. పెద్ద రైతు తాను రాకుండా జీతగాణ్ణి పంపవచ్చు. ఆ జీతగాడికి సెంటు భూమి ఉండకపోవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో నిర్బంధ శ్రమ చట్టం వచ్చినప్పుడు ఈ తేడా కాగితం మీదికి కూడా ఎక్కింది. కట్ట తెగే ప్రమాదం వస్తే గ్రామపెద్దలు కూలి వర్గాల మగవారిని పిలవాలని ఆ చట్టం చెప్పింది. ఆచారం ప్రకారం చేయవలసిన పని ఎగ్గొడితే దాని విలువకు రెట్టింపు కట్టాలన్నది. తట్ట మోసిన ఆడమనిషి ఆ లెక్కలోకే రాలేదు. అప్పుడు సేలం జిల్లాలో ఉన్న మన హోసూరు, కృష్ణగిరి ఊళ్లకూ ఆ చట్టం వర్తించింది. అయినా ఆచారం నిలవలేదు. శిస్తు సర్కారు తీసుకుంటున్నప్పుడు మరమ్మతు కూడా సర్కారే చేయించాలని రైతు అనుకోవడంలో తప్పేముంది?

మైసూరు సంస్థానంలో ఉన్న కోలారు వైపు నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, మడి మడికీ వంతు ప్రకారం నీరు వదలడం, రాత్రిపూట కట్ట కావలి అతని పని. సాధారణంగా దళిత కుటుంబాలే తరతరాలుగా ఈ పని చేసేవి. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని వంతు ఇచ్చేవారు. పంట పోయిన ఏడు ఆ వంతూ పోయేది. నీటి పంపకంలో పెద్ద రైతు కూడా అతని మాట వినాలి. ఊరిలో అతని స్థానం మాత్రం ఊరి చివరే! బోరుబావులు వచ్చి చెరువు కింద సాగు తగ్గాక అతని వంతు కొలిచేవారూ తగ్గిపోయారు.

1952లో సమాజ వికాస పథకం మొదలైనప్పుడు శ్రమదానమన్న మాట ఊరూరా వినిపించింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం కుడిమరామత్తు పేరునే మళ్లీ తీసుకుని, నిధులిచ్చి, చెరువుల పనులు చేయించింది. ఈసారి మట్టి తీసింది ఎక్కువగా యంత్రాలే.

మీ ఊరి చెరువుకట్ట మీద ఎవరి ఇంటివాళ్లు పనిచేశారో చెప్పగల పెద్దలు ఇంకా ఉంటే, ఈ వేసవిలో అడిగి రాసిపెట్టండి. ముందు నీరుగంటివారి ఇంటికి వెళ్లండి. ఆడవాళ్లనూ అడగండి.

సెలవు.