తప్పెవరిదని అడుగని పరిహారము

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణములోనికి సాగు బాటమీద బస్సులు, కార్లు, ఆటోలు, స్కూటర్లు పొద్దస్తమానము నడచుచునే యుండును. ఆ బాటకు తలమానికమైన ఆర్ట్సు కళాశాల భవనమును 1939 డిసెంబరు 4వ తేదీన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించెను. మన దేశమున మోటారు బండికి బీమా ఉండి తీరవలెనని శాసించిన తొలి చట్టము కూడ ఆ సంవత్సరముననే పుట్టినది. ఇట్టి బాటమీద ఒక పాదచారి బండి క్రింద పడి మరణించినచో, అతని ఆలుబిడ్డలకు ఎవరు చెల్లింపవలెను? ఏమి నిరూపించినచో చెల్లింతురు? ఈ ప్రశ్నకు చట్టము చెప్పిన సమాధానము కాలక్రమమున ఎట్లు మారినదో శ్రోతలకు మనవి చేయుదుము.

మోటారు రాకమునుపే, 1855లో, బ్రిటిషిండియాలో ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చినది. పరుల తప్పిదమువలన మరణించినవాని కుటుంబము దావా వేయుటకు అది హక్కునిచ్చెను. కాని ఆ హక్కుకు రెండు చిక్కులు. మొదటిది, తప్పు ఎదుటివానిదేయని సాక్ష్యముతో నిరూపింపవలెను. రెండవది, నిరూపించి డిక్రీ పొందినను, ప్రతివాది చేత పైకము లేనిచో ఆ డిక్రీ కాగితముగనే మిగులును. మోటారు బండ్లు పెరిగినకొలది ఈ చిక్కులును పెరిగినవి. మన నగరముననే 1932 జూన్‌లో నిజాము రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది. తార్నాకలో తన కార్మికులకు ఆసుపత్రి నడుపుచున్న నేటి ఆర్.టి.సి.కి మూలము ఆ శాఖయే.

రెండవ చిక్కును విప్పినది బీమా. ఇంగ్లండులో 1930 నాటి చట్టము దానిని నిర్బంధము చేసినది. మన 1939 మోటారు వాహనముల చట్టమును ఆ త్రోవనే నడచినది. అయితే అందలి బీమా అధ్యాయము అమలునకు వచ్చుటకు యుద్ధకాలము గడచి 1946 జూలై 1వ తేదీ కావలసివచ్చెను. హైదరాబాదు రాజ్యము 1948లో భారత యూనియనులో చేరిన పిమ్మట ఈ శాసనము ఇచ్చటికిని విస్తరించినది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా గ్రహింపవలెను. చట్టము నిర్బంధించునది 'థర్డు పార్టీ' బీమా మాత్రమే. అనగా మన బండివలన పరులకు కలుగు హానికి పూచీ. మన కారుకు సొట్టపడిన ఖర్చు అందు చేరదు. మనకు తగిలిన గాయమును చేరదు. వానికి వేరుగా పాలసీ తీసికొనవలెను. 'బీమా కట్టితిమి గదా, అన్నియు వచ్చును' అను నమ్మకము ప్రమాదము జరిగిన తరువాత గాని వీడదు.

మొదటి చిక్కు మాత్రము చిరకాలము నిలిచినది. పరిహార వివాదములకు ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పరచుటకు 1956 సవరణ వీలు కల్పించినది. కోర్టు రుసుము, జాప్యము కొంత తగ్గినవి గాని, డ్రైవరు అజాగ్రత్తను రుజువు చేయవలసిన భారము పోలేదు. రాత్రివేళ బాటమీద పడిపోయిన కూలివానికి సాక్షి ఎవరు? భార్య చూడలేదు, చూచినవారు కోర్టుకు రారు.

ఈ అన్యాయమును గుర్తించినవారిలో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఒకటి. 1976 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన తీర్పొకదానిలో, అజాగ్రత్త నిరూపింపబడకున్నను పరిహారము ఇప్పింపవచ్చునను అభిప్రాయమును అది వెలిబుచ్చెను. 1977లో సుప్రీం కోర్టు దానితో ఏకీభవింపలేదు. అప్పటి చట్టము ప్రకారము తప్పు రుజువు కానిదే యజమానిపై గాని బీమా కంపెనీపై గాని బాధ్యత ఉండదని తేల్చెను. న్యాయమూర్తులు చేయలేనిది శాసనకర్తలు చేయవలసి వచ్చినది.

ఆ పని 1982లో జరిగినది. తప్పెవరిదని అడుగకుండ, మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు చెల్లింపవలెనని పార్లమెంటు శాసించెను. గ్రుద్ది పారిపోయిన బండి జాడ తెలియనిచో మృతుని కుటుంబమునకు 5,000 రూపాయలు. 1988 నాటి క్రొత్త చట్టము, 1994 సవరణ ఈ మొత్తములను పెంచినవి. 2019 సవరణ ఆ అధ్యాయమునే మార్చివేసినది. 2022 ఏప్రిల్ 1 నుండి తప్పుతో నిమిత్తము లేని పరిహారము మరణమునకు 5 లక్షలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు. బండి జాడ తెలియని మరణమునకు 2 లక్షలు.

ఈ విశ్వవిద్యాలయమున చదివి అమెరికా వెళ్లినవారికి అచ్చటి 'నో ఫాల్టు' అను మాట వినబడియుండును. మసాచుసెట్సులో 1971లోను, మిషిగనులో 1973లోను ఆ పద్ధతి అమలునకు వచ్చెను. పేరు ఒకటే అయినను తీరు వేరు. అక్కడ గాయపడినవాని వైద్యమునకు సాధారణముగా అతని సొంత బీమా కంపెనీయే చెల్లించును. ఎదుటివానిపై దావా వేయు హక్కు కొంత పరిమితమగును. మన దేశమున చెల్లించునది హాని చేసిన బండి యజమాని, లేక ఆ బండికి బీమా ఇచ్చిన కంపెనీ. ఎక్కువ మొత్తము కోరువారు తప్పు నిరూపించి ట్రిబ్యునలునొద్ద అడుగు మార్గము నేటికిని తెరచియే యున్నది. అయితే 5 లక్షల పరిహారమును స్వీకరించినవారి ట్రిబ్యునలు పిటీషను అంతటితో రద్దగును. ఈ రెండు త్రోవలలో ఏది మేలో తెలిసిన న్యాయవాదిని అడిగి, ఆ పిమ్మట సంతకము చేయుట ఉత్తమము.

బీమా లేకుండ బండి నడపినచో మొదటిసారి మూడు నెలలవరకు జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండును పడవచ్చును. సుప్రీం కోర్టు ఆదేశముతో 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారుకు మూడేండ్ల, ద్విచక్ర వాహనమునకు ఐదేండ్ల థర్డు పార్టీ పాలసీ ఒక్కసారే తీసికొనవలసి యున్నది. ఆ గడువు తీరిన దినము మరచువారే ఎక్కువ. జరిమానా సంగతి అటుంచినను, బీమా లేని బండి ఒకని ప్రాణము తీసినప్పుడు ఆ పరిహారమును యజమాని తన ఇల్లు వాకిలి అమ్మియైనను చెల్లింపవలెను. అతనికి ఏమియు లేనిచో మృతుని బిడ్డలు మరల 1855 నాటి స్థితిలోనే నిలుతురు. నూరేండ్లకు పైబడి చట్టము మోసికొనివచ్చిన ఈ రక్షణ మన బండి పెట్టెలోని ఆ చిన్న కాగితము మీదనే ఆధారపడియున్నది. దాని తేదీని ఈ దినమే ఒకసారి చూచుకొనవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము.