'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్': ఆత్మవంచనకు బలియైన ఒక కుటుంబం

ఇరవయ్యవ శతాబ్దపు విషాద నాటకాలలో ఆర్థర్ మిల్లర్ రచించిన 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' (ఒక సేల్స్‌మన్ మరణం) అగ్రశ్రేణికి చెందినది. మన విశ్వవిద్యాలయాలలో ఆంగ్ల సాహిత్యం చదివే విద్యార్థులకు ఇది చిరపరిచితమైన పాఠ్యగ్రంథం. అయితే పరీక్ష ముగియగానే పక్కన పెట్టదగిన గ్రంథం మాత్రం కాదు. ఒక తండ్రి తనను తాను ఎట్లా వంచించుకున్నాడో, ఆ వంచనను ఇంటివారే ప్రేమతో ఎట్లా కాపాడుతూ వచ్చారో ఈ నాటకం వివరిస్తుంది. పిల్లల చదువుపైనా, ఉద్యోగంపైనా ఆశలు పెట్టుకున్న ప్రతి కుటుంబమూ దీనిని తెలుసుకోవడం మంచిది.

రచయిత – ప్రదర్శన

మిల్లర్ 1915లో న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి దుస్తుల తయారీ వ్యాపారి. 1929 నాటి ఆర్థిక మాంద్యంలో ఆ వ్యాపారం చితికిపోయింది. కలిమి నుండి లేమికి జారిన కుటుంబాల మనఃస్థితి మిల్లర్‌కు స్వానుభవమే. ఈ నాటకం 1949 ఫిబ్రవరి 10న బ్రాడ్వేలోని మొరాస్కో థియేటర్‌లో ఎలియా కజాన్ దర్శకత్వంలో తొలిసారి ప్రదర్శితమై, 742 ప్రదర్శనలు పూర్తి చేసుకొన్నది. ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి లభించింది. 1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్లి చైనా నటులచే చైనా భాషలో ఆడించారు. 2005 ఫిబ్రవరి 10న, అంటే తొలి ప్రదర్శన జరిగిన తేదీ నాడే, ఆయన కన్నుమూశారు.

కథాసంగ్రహం

విల్లీ లోమన్ వయస్సు 63 ఏళ్లు. బ్రూక్లిన్‌లో నివాసం. కారులో ఊరూరా తిరిగి ఒక కంపెనీ సరుకు అమ్మడం అతని వృత్తి. ఆ సరుకేమిటో నాటకంలో ఎక్కడా చెప్పకపోవడం గమనార్హం. భార్య లిండా, కుమారులు బిఫ్, హ్యాపీ. పెద్దవాడైన బిఫ్ పాఠశాలలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఇప్పుడు 34 ఏళ్లు వచ్చినా ఎక్కడా స్థిరపడలేదు. తిరిగే శక్తి సన్నగిల్లి, ఊరిలోనే పని ఇమ్మని అడగబోయిన విల్లీని యజమాని హోవర్డ్ ఉద్యోగం నుండే తొలగిస్తాడు. వారానికి 65 డాలర్లతో మొదలుపెట్టి 40 డాలర్లకైనా సరేనని బతిమాలుకున్నా ఫలితం ఉండదు. చివరకు తన 20,000 డాలర్ల జీవితబీమా సొమ్ముతో బిఫ్ గొప్పవాడవుతాడని నమ్మి ప్రాణం తీసుకుంటాడు. వర్తమానమూ, విల్లీ జ్ఞాపకాలూ రంగస్థలంపై కలగలిసి నడుస్తాయి. అందుకే మిల్లర్ మొదట ఈ నాటకానికి 'అతని తల లోపల' అనే అర్థం వచ్చే పేరు పెట్టాలనుకున్నారు.

అబద్ధం ఇంటిలో నిలిచిన విధం

ఆత్మవంచన ఎట్లా పనిచేస్తుందో చూపడానికి మిల్లర్ ఒక చిన్న లెక్కను వాడుకున్నారు. ప్రయాణం నుండి తిరిగివచ్చిన విల్లీ, రెండు పట్టణాలలో కలిపి 1,200 డాలర్ల సరుకు అమ్మానని గొప్పగా చెబుతాడు. లిండా సంబరపడి, పెన్సిల్ తీసుకొని కమిషన్ 212 డాలర్లని లెక్క కడుతుంది. అప్పుడు విల్లీ తడబడి అంకెలను తగ్గిస్తూ వస్తాడు. చివరకు అమ్మినది సుమారు 200 డాలర్ల సరుకేననీ, చేతికి వచ్చేది 70 డాలర్ల చిల్లర మాత్రమేననీ తేలుతుంది. తీర్చవలసిన బాకీలేమో 120 డాలర్లు! అయినా లిండా నిష్ఠూరమాడదు. వచ్చేవారం బాగా అమ్ముతావులే అని ఊరడిస్తుంది.

ఇక్కడే విషాదానికి మూలమున్నది. విల్లీ ఒక్కడే అబద్ధమాడి ఉంటే అది ఏనాడో బయటపడేది. ఇంటివారు దానికి దడి కట్టారు. పొరుగువాడైన చార్లీ దగ్గర వారం వారం 50 డాలర్లు అప్పు తెచ్చి, అది తన జీతమని విల్లీ భార్యకు చెబుతాడు. చార్లీ ఉద్యోగమే ఇస్తానంటే అభిమానం అడ్డువస్తుంది. అది అప్పని లిండాకు తెలుసు, తెలిసినట్లు కనబడదు. ఆత్మహత్య కోసం భర్త దాచుకొన్న వస్తువు కంటబడినా, అతనికి చిన్నతనమవుతుందని ఎప్పటికప్పుడు తిరిగి అక్కడే పెడుతుంది. ప్రేమ మౌనం వహిస్తే అబద్ధానికి ఎంత బలం చేకూరుతుందో చూపడానికి ఇంతకంటె గట్టి నిదర్శనం ఉండబోదు.

పిల్లల విషయంలోనూ ఇదే తంతు. బిఫ్ బంతి దొంగిలించి తెస్తే తండ్రి నవ్వి ఊరుకొంటాడు. లెక్కల పరీక్షలో తప్పిన బిఫ్ తండ్రితో చెప్పుకోవడానికి బోస్టన్ వెళ్లి, అక్కడ పరస్త్రీతో ఉన్న తండ్రిని చూస్తాడు. ఆ రోజుతో అతని చదువు ఆగిపోతుంది. ఒకప్పుడు ఆలివర్ అనే వ్యాపారి వద్ద తాను సేల్స్‌మన్‌గా పనిచేశానని ఇంట్లో ఏళ్లతరబడి విని, బిఫ్ కూడా అదే నమ్ముతాడు. నిజానికి అతను అక్కడ సరుకులు పంపే గుమాస్తా మాత్రమే.

ఆశయం ఎక్కడ తప్పింది?

ఆశపడటం విల్లీ తప్పు కాదు. తనకు తగని దానిని ఆశించడమే తప్పు. 84 ఏళ్ల వయస్సులో హోటల్ గదిలో కూర్చొని ఫోన్‌లోనే సరుకు అమ్మిన డేవ్ సింగిల్‌మన్ అనే వృద్ధుడు అతనికి ఆదర్శం. ఆ వృద్ధుని అంత్యక్రియలకు వందలాది మంది వచ్చారట. నలుగురికీ నచ్చితే చాలు, విజయం దానంతటదే వస్తుందని విల్లీ ఆనాడే నిర్ణయించుకొన్నాడు. అతని అంత్యక్రియలకు మాత్రం ఇంటివారు, చార్లీ, చార్లీ కొడుకు బెర్నార్డ్ తప్ప ఎవరూ రారు. పుస్తకాల పురుగని లోమన్లు ఎగతాళి చేసిన ఆ బెర్నార్డే న్యాయవాదియై సుప్రీంకోర్టులో వాదించే స్థాయికి ఎదిగాడు.

విల్లీకి చేతిపని వచ్చు. ఇంటి పైకప్పు, మెట్లు స్వయంగా కట్టుకొన్నాడు. చివరి రాత్రి కూడా పెరటిలో విత్తనాలు నాటుతాడు. చుట్టూ లేచిన పెద్ద భవనాలు అక్కడ ఎండ పడనీయవు. ఆ పనులలో కనబడిన విల్లీయే అసలైన విల్లీ అని బిఫ్ గ్రహిస్తాడు. 25 ఏళ్ల ఇంటి అప్పులో చివరి వాయిదా చెల్లించేది కూడా అతని అంత్యక్రియల రోజుననే. జీవితమంతా సేవ చేయించుకొని వదలివేసిన వ్యాపార వ్యవస్థకూ ఈ మరణంలో భాగమున్నదని మిల్లర్ సూచన.

విషాదం రాజులకేనా?

పూర్వం విషాద నాయకుడు రాజో, వీరుడో అయి ఉండేవాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన 'విషాద సారంగధర'ను రచించినది మన సరిహద్దు సీమలోని బళ్లారిలో న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు. అందులో రాజరాజ నరేంద్రుడు చిత్రాంగి అబద్ధాన్ని నమ్మి కన్నకొడుకును శిక్షిస్తాడు. సామాన్యుడు కూడా విషాద నాయకుడు కాదగినవాడేనని మిల్లర్ 1949లో ఒక వ్యాసంలో వాదించారు. ఆయన నాటకంలోని తండ్రి రాజు కాడు; అతడు నమ్మినది పరాయివారి అబద్ధం కాదు, తన అబద్ధమే.

విషాద నాటకంలో నాయకునికి సత్యం తెలియవచ్చే ఘట్టం ఉంటుంది. ఇక్కడ ఆ జ్ఞానం తండ్రికి కలుగదు, కొడుకుకు కలుగుతుంది. తాను సామాన్యుణ్ణేననీ, ఆ కల్లబొల్లి కలను వదలివేయమనీ బిఫ్ తండ్రిని పట్టుకొని ఏడుస్తాడు. విల్లీ ఆ కన్నీటిలో ప్రేమను మాత్రమే చూశాడు, మాటను వినలేదు. కొడుకు గొప్పవాడవుతాడనే నమ్మకం మరింత బలపడి, అదే అతని ప్రాణం తీసింది. హ్యాపీ మాత్రం తండ్రి కలనే తలకెత్తుకొంటాడు. అంటే అబద్ధం తరువాతి తరానికి వారసత్వంగా మిగిలిందన్నమాట.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మన పెద్దలు ఊరకనే అనలేదు. పరీక్ష తప్పిన సంగతి, ఉద్యోగం పోయిన సంగతి, అప్పు పెరిగిన సంగతి ఇంట్లో చెప్పుకోగలిగిన కుటుంబంలో విల్లీ వంటి తండ్రి ఒంటరివాడు కాడు. పరువు కోసం దాచిన నిజం కంటె, ఆలస్యం కాకముందే చెప్పిన చేదు నిజమే ఇంటికి మేలు చేస్తుంది.