ఇన్సులినోమా కథ

క్లోమములో కర్కటవ్రణమనగానే ఎవరికైనా భయము కలుగుతుంది. వాటిలో అధికభాగము జీర్ణరసములను చేరవేసే నాళముల కణములనుంచి పుడతాయి. అయితే క్లోమములో మరొక జాతి కణములు కూడా ఉన్నాయి. 1869లో బెర్లినులో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ తన పరిశోధన వ్యాసములో, దీవులవలె విడివిడిగా ఉన్న ఆ కణపు గుంపులను వర్ణించారు. వాటి పని ఏమిటో ఆయనకు తెలియలేదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌ల కృషితో ఇన్సులిను లభించాక ఆ దీవుల విలువ లోకానికి బోధపడింది.

ఇన్సులిను లోపిస్తే మధుమేహము వస్తుంది. మరి మితిమీరితే? 1924లో అమెరికా వైద్యుడు సీల్ హారిస్, మధుమేహము లేనివారిలో కూడా ఇన్సులిను ఎక్కువై చక్కెర పడిపోవచ్చునని సూచించారు. కొద్దికాలానికే మేయో క్లినిక్కుకు ఒక శస్త్రవైద్యుడే రోగిగా వచ్చారు. సమయానికి ఆహారము పడకపోతే ఆయనకు స్పృహ తప్పేది. విలియం మేయో ఉదరము తెరచి చూడగా క్లోమములో కణితి, కాలేయములో దాని వ్యాప్తి కనిపించాయి. తొలగించే వీలు లేకపోయింది, రోగి దక్కలేదు. ఆ కణితుల సారమును కుందేళ్ళకు ఇస్తే వాటి రక్తములో చక్కెర తగ్గింది. 1927లో రస్సెల్ వైల్డర్ బృందము ఈ సంగతిని ప్రచురించింది. రెండేళ్ళకు, ఇన్సులిను వెలువడిన టొరంటోలోనే, రాస్కో గ్రహామ్ అటువంటి కణితిని తొలగించి ఒక స్త్రీకి స్వస్థత చేకూర్చారు.

1935లో అలెన్ విపుల్ మూడు గుర్తులు చెప్పారు: పరగడుపున లక్షణములు రావడము, ఆ సమయములో రక్తములో చక్కెర తక్కువగా ఉండడము, గ్లూకోజు ఇవ్వగానే తేరుకోవడము. నేటికీ వైద్యులు వీటినే మొదట చూస్తారు.

ఈ వ్యాధి ఏడాదికి పది లక్షలమందిలో సుమారు ఒకరినుంచి నలుగురికి మాత్రమే వస్తుంది. అందువలన దీనిని మూర్ఛ అనో, మానసిక వ్యాధి అనో పొరబడి ఏళ్ళ తరబడి మందులు వాడినవారున్నారు. తెల్లవారుజామున చెమటలు, తడబాటు, వింత ప్రవర్తన కలిగి, తీపి తినగానే సర్దుకొంటే ఆ సంగతి మీ వైద్యునికి తప్పక చెప్పండి. ఆసుపత్రిలో 72 గంటలవరకు పర్యవేక్షణలో ఉపవాసముంచి చక్కెర, ఇన్సులిను, సీ-పెప్టైడు పరీక్షిస్తారు. ఇంటిలో ఆ ప్రయత్నము చేయకండి, ప్రాణాపాయము. తరువాత సీటీ, ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండులతో కణితిని వెదకుతారు.

వీటిలో సుమారు పదింట తొమ్మిది ప్రాణాంతకము కావు, శస్త్రచికిత్సతో నయమవుతాయి. వ్యాపించిన కొద్దిమందికి కూడా ఎవరోలిమస్, లుటీషియం చికిత్సలు నేడు అందుబాటులో ఉన్నాయి. ఆ శస్త్రవైద్యునికి దక్కని అవకాశము మీకు ఉంది; లక్షణములను ఉపేక్షించకండి.