పసిబిడ్డల మెనింజైటిస్ – హిబ్ టీకా చరిత్ర

మెదడును, వెన్నుపామును కప్పియుండు పొరలు సూక్ష్మజీవుల వలన వాచుటను మెనింజైటిస్ అందురు. జ్వరముతో మాడు ఉబ్బి, పాలు మాని, ఫిట్స్ వచ్చి, కొద్ది దినములలోనే కన్నుమూసిన పసిబిడ్డలను మన పెద్దలలో అనేకులు ఎరుగుదురు. బ్రతికినవారిలోను కొందరికి వినికిడి పోయెడిది.

ఐదేండ్ల లోపు పిల్లలలో దీనికి ముఖ్య కారణములలో ఒకటి 'హిబ్' అను బాక్టీరియా. 1892లో రిచర్డ్ ఫైఫర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్లూ రోగులలో దీనిని చూచి, ఫ్లూకు ఇదే మూలమని తలంచెను. 1933లో ఫ్లూకు కారణము వైరస్ అని తేలినను, 'హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే' అను పేరు నిలిచిపోయినది. ఇందులో చక్కెర పదార్థపు తొడుగు గల రకములను 1931లో మార్గరెట్ పిట్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు వేరుపరచిరి. వానిలో 'బి' రకమే హిబ్.

ఆ తొడుగుతో చేసిన మొదటి టీకా 1985లో అమెరికాలో వచ్చినది. అయితే ఏడాది నిండని బిడ్డల దేహము అట్టి పదార్థమును గుర్తించి రక్షణ పెంచుకొనలేదు. వ్యాధి మిక్కిలిగా సోకునదియు వారికే. కనుక ఆ పదార్థమును ఒక ప్రోటీనుతో జతచేసిరి. అప్పుడు పసిదేహము సైతము దానిని గుర్తించినది. ఈ కృషికి జాన్ రాబిన్స్, రేచల్ ష్నీర్సన్, డేవిడ్ స్మిత్, పోర్టర్ ఆండర్సన్‌లకు 1996లో లాస్కర్ బహుమానము లభించినది.

టీకాకు ముందు అమెరికాలో ఏటా సుమారు 20,000 మంది పిల్లలకు తీవ్రమైన హిబ్ వ్యాధి వచ్చెడిది. అందులో సగమునకు పైగా మెనింజైటిసే. 1990 నుండి పసిబిడ్డలకు కొత్త టీకా వేయగా వ్యాధి 99 శాతము తగ్గినది. ఆఫ్రికాలోని గాంబియాలో ఏడాది లోపు బిడ్డలు లక్షకు 200 మందికి పైగా హిబ్ మెనింజైటిస్ పాలయ్యెడివారు. 1997లో అక్కడ టీకా ప్రారంభమైన పిమ్మట 2002 నాటికి ఆ సంఖ్య సున్నకు దిగినది. టీకా పొందిన పిల్లల గొంతులో ఈ క్రిమి నిలుచుట తగ్గును గనుక, టీకా పొందని పొరుగు బిడ్డలకును కొంత రక్షణ కలిగినది.

మన దేశములో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో మొదలై, తరువాత అన్ని రాష్ట్రములకు వ్యాపించిన పెంటావాలెంట్ టీకాలో హిబ్ మందు చేరియున్నది. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బిలకు కూడ ఇదే రక్షణ. బిడ్డకు 6, 10, 14 వారములలో ఉచితముగా వేయుదురు.

మెనింజైటిస్ తెచ్చు ఇతర క్రిములును కలవు. కావున టీకా వేయించిన బిడ్డకైనను జ్వరముతో మగత, ఫిట్స్ కనిపించినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మన ఇండ్లలోని పసిబిడ్డల టీకా కార్డులను ఒకసారి తీసి, ఆ మూడు మోతాదులు పూర్తియైనవో లేవో చూచుకొందము.